రోమక గణరాజ్య గాథలు – 9: తాళపుచెవులు, ద్రాక్షాసవము, కేటో

గత భాగము చివర మనము క్రీ. పూ. 195 వ సంవత్సరపు రోము వీథులలో నిలిచియుంటిమి. కాన్నే రణరంగమున హానిబాలు చేత రోమక సైన్యము నశించిన మరుసటి యేడు పుట్టిన ఓపియస్ శాసనము స్త్రీలకు అరఔన్సునకు మించిన బంగారమును, రంగు వస్త్రములను, నగరములో బండి యెక్కుటను నిషేధించినదనియు, యుద్ధము ముగిసి సంపద మరలివచ్చిన పిదప గూడ ఆ నిర్బంధము సడలకుండుటచే కులస్త్రీలు గుంపులుగా వెడలి ఫోరమునకు పోవు త్రోవలన్నియు నరికట్టి కనబడిన అధికారినెల్ల ప్రార్థించిరనియు, కాన్సలుగా నున్న మార్కస్ పోర్షియస్ కేటో ఎంత గర్జించినను ఇరువదియేండ్ల యా శాసనము రద్దయ్యెననియు చదివితిమి. ఓడిన కేటో సైన్యముతో స్పెయిను దేశమునకు తరలిపోయెను. స్త్రీల మెడలలో బంగారము మరల మెఱసెను. ఐనను గెలిచిన యా స్త్రీలు ఇండ్లకు పోయి తలుపులు మూసికొన్న తరువాత వారిపై మఱియొక నిషేధము నిలిచియే యుండెను. అది ఓపియస్ శాసనము కంటె మిక్కిలి ప్రాచీనము. ప్రజాప్రతినిధులగు ట్రిబ్యూనులలో ఎవ్వరును రద్దు చేయజాలనిది. అది వారి నోటి మీదనే యుండెను.

క్రీ. పూ. 167 లో బందీగా రోమునకు కొనిరాబడిన పాలిబియస్ అను గ్రీకు చరిత్రకారుడు అచ్చటి పెద్దల ఇండ్లలో చిరకాలము మెలగినవాడు. పరదేశి గనుక, ఇంటివారికి నిత్యకృత్యముగా తోచినది అతనికి విశేషముగా కన్పట్టెను. రోమక స్త్రీ ద్రాక్షాసవము త్రాగరాదని అతడు వ్రాసియున్నాడు. ఆసవమున్న కొట్టు ఆమె యధీనమున నుండదు. అంతటితో తీరలేదు: పుట్టింటివారిని, అత్తింటివారిని, పినతండ్రి మేనమామల బిడ్డల సంతానము వఱకు గల చుట్టములనెల్ల, దినమున తొలిసారి కనబడినప్పుడు ఆమె నోటిపై ముద్దిడవలెను. ఎప్పుడెవ్వ రెదురగుదురో యెవ్వరికి తెలియును? ఒక్క గ్రుక్క రుచి చూచినను ఊపిరియే సాక్ష్యము పలుకును. వేఱు నేరారోపణ మక్కఱలేదు.

ఈ ముద్దులకు కారణమేమని తరువాతి కాలమున ప్లూటార్కు అను గ్రీకు రచయిత పలువిధముల ఆలోచించెను. వాసన పసిగట్టుట కొక కారణమనెను. జ్ఞాతులలో వివాహము నిషిద్ధమైనందున ఆప్యాయతకు ముద్దు మాత్రమే మిగిలినదేమో యనెను. ట్రాయి నుండి వచ్చిన స్త్రీలు తమ పురుషుల యోడలకు నిప్పుపెట్టి, వారి కోపము చల్లార్చుటకు కౌగిలించి ముద్దిడిరను పాతకథను గూడ తలచెను. ప్లూటార్కు మృదుస్వభావుడు, ఉదారుడు. ఒక గృహస్థధర్మమునకు గూఢచర్య మొక్కటే మూలమని యొప్పుకొనుటకు ఆయన మనసు వెనుదీసినట్లు నాకు తోచును. కాని కేటోకు అట్టి వెనుకంజ లేదు. చుట్టములు స్త్రీలను ముద్దిడుట వారియందు ‘టెమేటుమ్’ వాసన యున్నదో లేదో తెలియుటకేయని అతడు స్పష్టముగా చెప్పినట్లు రోమక రచయిత ప్లీని గ్రంథస్థము చేసినాడు.

టెమేటుమ్ అనగా ప్రాచీన లాటిన్ భాషలో మత్తు గొలుపు ఆసవము. సామాన్యముగా రోమకులు ఆసవమున నీరు కలిపియే త్రాగెడివారు. ఈ పాతపదము ఘాటైన ఆసవమును, పండితులలో కొందఱి మతమున దేవతలకు ధారవోయు నీరు కలుపని ఆసవమును, తెల్పుచుండెను. క్రీ. పూ. 293 లో సామ్నైటులపై అక్విలోనియా యుద్ధమునకు దిగుచు సేనాని పాపీరియస్ కర్సోర్, శత్రువును చెదరగొట్టినచో తాను టెమేటుమ్ త్రాగుటకు ముందే జూపిటరు దేవునకు చిన్న గిన్నెడు తేనె కలిపిన ఆసవము అర్పింతునని మ్రొక్కెను. అట్టి సమయమున దేవాలయములు మ్రొక్కుట సేనానుల వాడుక. ఈ చిన్ని మ్రొక్కు దేవునకు నచ్చెనని, శకునములు శుభముగా మాఱెనని రోమక చరిత్రకారుడు లివీ వర్ణించుచున్నాడు. సేనాని నోట ఆ పదము ఎంత నిస్సంకోచముగా వెలువడెనో చూడుడు. అదే పదము ఇల్లాలి విషయమున వచ్చినప్పుడు దానికి ముందు ‘దూరముగా’ అను నర్థము గల ‘అబ్స్’ అను ఉపసర్గము చేరెను. టెమేటుమునకు దూరమైనది ‘అబ్స్టేమియ’ యయ్యెను. క్రీ. శ. 2 వ శతాబ్దమున ఔలస్ జెల్లియస్ అను విద్వాంసుడు పూర్వపు రోమక స్త్రీల జీవనమును వర్ణించుచు, వారు ఆజన్మాంతము అబ్స్టేమియలుగా జీవించిరని ఈ పదమునే వాడి, టెమేటుమ్ అనగా పూర్వభాషలో ఆసవమని తన కాలపు పాఠకులకు విప్పి చెప్పవలసివచ్చెను. అప్పటికే మూలపదము మఱుగుపడెనన్నమాట. సంస్కృతమున ‘తామ్యతి’ అను క్రియకు సొమ్మసిల్లుట, డస్సిపోవుట యని యర్థము. టెమేటుమును, తప్పద్రాగినవానికి పేరైన ‘టెమ్యులెంటుస్’ అనునదియు ఆ ధాతువునకు జ్ఞాతులని కొందఱు భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయము.

నిషేధమును ఉల్లంఘించిన వారి గతి యేమి? రోమకులు తమ బిడ్డలకు చెప్పుకొన్న కథలలో అత్యంత ప్రాచీనమైనది రోములస్ కాలమునకు చెందినది. ఎగ్నాటియస్ అనువాని భార్య తొట్టిలోని ఆసవము త్రాగగా అతడామెను దుడ్డుకఱ్ఱతో కొట్టి చంపెను; రోములస్ విచారించి అతనిని నిర్దోషిగా విడిచెను. ఇది చరిత్రయని చెప్పుటకు వీలులేదు. కాని ఒక జాతి తన మూలపురుషుని న్యాయమునకు ఎట్టి తీర్పును నిదర్శనముగా నెన్నుకొన్నదో ఆ కథ చెప్పుచున్నది. టైబీరియస్ చక్రవర్తి కాలపు వలేరియస్ మాక్సిమస్ ఈ హత్యను ప్రస్తావించి, నేరారోపణ మాట యటుండగా, దానిని తప్పుపట్టినవాడు సైతము లేకపోయెనని మెచ్చుకోలుగా వ్రాసెను. రోమకులలో తొలి చరిత్రకారుడగు ఫేబియస్ పిక్టర్ వ్రాసిన మఱియొక వృత్తాంతము ఇంతకంటె దారుణము. ఒక కులస్త్రీ ఆసవపు కొట్టు తాళపుచెవులున్న సంచిని విప్పెను. ఆమె త్రాగినదని గూడ అతడు చెప్పలేదు. ఇంటివారామెకు అన్నము పెట్టక మాడ్చి చంపిరి.

తాళపుచెవుల నిట్లు ప్రాణమునకు సమముగ నెంచుటకు కారణము లేకపోలేదు. మన ఇండ్లలో కొత్త కోడలి కొంగున అత్తగారు తాళపుగుత్తి ముడివేసిన నాడు ఆమె ఇంటికి ఇల్లాలైనట్లే, రోమక గృహమునందును తాళపుచెవులు గృహిణీపదవికి చిహ్నములు. పన్నెండు ఫలకముల శాసనము ననుసరించి భార్యను విడిచిపుచ్చువాడు ఆమె యొద్దనుండి తాళపుచెవులు తీసికొనెడివాడని సిసిరో మాటల వలన తెలియుచున్నది. భార్యను విడుచుటకు రోములస్ అంగీకరించిన కారణములలో వ్యభిచారముతో పాటు దొంగతాళపుచెవులు చేయించుట యొకటియని ప్లూటార్కు చెప్పినాడు. ధాన్యము, నూనె, ఉన్ని ఆమె చేతిలో. ఆసవము మాత్రము భర్త చేతిలో. గృహరాజ్యములో ఆమెకు పరిపాలన యుండెను గాని సర్వాధికారము లేదని ప్రతిదినము జ్ఞప్తికి దెచ్చు తలుపది. దాని గొళ్లెముపై చేయివేసిన స్త్రీ దప్పిక తీర్చుకొనుటకు పోలేదనియు, కుటుంబపెద్ద సింహాసనమునే తాకెననియు ఆ పురుషులు తలంచిరి.

దీనికి వారు చెప్పిన కారణము వేఱు. ఆసవము వ్యభిచారమునకు ద్వారమని రోములస్ శాసించినట్లు హాలికర్నాసస్ వాడగు డయొనీసియస్ వ్రాసెను. వంశము, ఆస్తి, కులదేవతల ఆరాధన ఇవన్నియు తండ్రినుండి కొడుకునకు నడచు సమాజమున, పుట్టిన బిడ్డ ఎవని బిడ్డయను సందేహమే అన్నిటికంటె పెద్ద భయము. ఆ భయము ఆసవపు కూజాపై వ్రాలినది. మతకారణము గూడ నుండవచ్చును. నీరు కలుపని ఆసవము దేవతల పానీయము. దానిని ధారవోసి బలి యర్పించు నధికారము పురుషునిది. ఈ యూహకు బోనా డేయా, అనగా శుభదేవత, ఆరాధన చక్కని యుపబలకముగా నున్నది. ఆమె ఫానుని భార్యయనియు, చాటుగా కూజాడు ఆసవము త్రాగినందున భర్త ఆమెను గొంజి వంటి మిర్టిల్ చెట్టు కొమ్మలతో కొట్టి చంపి, పిదప పశ్చాత్తప్తుడై దేవతగా నిలిపెననియు ఒక కథ కలదు. ఏటేట డిసెంబరు మాసపు ఒక రాత్రి, ఉన్నతాధికారి యొకని ఇంట, పురుషులెల్లరు వెడలిపోగా, పురుషుల చిత్తరువులకు సైతము ముసుగులు వేసి, స్త్రీలు ఆమెను పూజించెడివారు. ఆ గృహమున మిర్టిల్ కొమ్మ కనబడరాదు. ఆసవము కనబడవచ్చును గాని దాని పేరు వినబడరాదు: దానిని ‘పాలు’ అనవలెను, అదియున్న కూజాను ‘తేనెకుండ’ యనవలెను. చంపిన కొమ్మను బహిష్కరించి, చంపుటకు హేతువైన పానీయమును మాఱుపేరుతో లోనికి రప్పించుకొన్న ఈ స్త్రీల ఆరాధనలో నాకు గొప్ప వేదన, గొప్ప ధైర్యము రెండును కానవచ్చుచున్నవి. సంవత్సరమంతయు ఇతరులకు తమ ఊపిరి నప్పగించినవారు ఆ యొక్క రాత్రి దానిని తమ యొద్ద నుంచుకొనిరి.

నిత్యజీవితమున వీరు బొత్తిగా నీళ్లతోనే గడపిరని తలంపరాదు. ఎండుద్రాక్షలతో చేసిన తియ్యని ‘పాస్సుమ్’, ద్రాక్షపిప్పిని నీట నానబెట్టి తీసిన ‘లోరా’, సుగంధద్రవ్యము కలిపిన ‘ముర్రీనా’ వారికి అనుమతింపబడెను. ఇక అంతస్తు లేని స్త్రీల సంగతి వేఱు. కేటో కాలముననే ఆడబడిన ప్లౌటస్ నాటకములలో ‘కుర్కులియో’ యనుదానియందు తలుపు కాయు ముసలిది లేయేనా ఆసవపు వాసన తగులగానే పరవశించి వెలుపలికి వచ్చును. ప్రేక్షకులు ఆమెను చూచి నవ్విరి; ఎవ్వరును దుడ్డుకఱ్ఱ తీసికొనలేదు. నిషేధము శీలమును గూర్చినదేయైనచో దాసిని గూడ తాకియుండవలెను. అది ఆస్తిని, వంశమును గూర్చినది గనుకనే సంపన్నుల గడపల లోపలనే తిరిగినది.

కాలము గడచుకొలది దుడ్డుకఱ్ఱకు బదులు ధనదండనము వచ్చెను. నీయస్ డొమీషియస్ అను న్యాయాధికారి ఒక స్త్రీ ఆరోగ్యమునకు కావలసిన దానికంటె ఎక్కువగా భర్తకు తెలియకుండ త్రాగినదని నిర్ణయించి, ఆమెకు కట్నము దక్కకుండ తీర్పు చెప్పెను. కట్నమును గూర్చిన యుపన్యాసమున కేటో ఈ న్యాయమునే వివరించినాడు: విడాకుల వేళ భర్త భార్యకు సెన్సారు వంటి తీర్పరి, ఆసవము త్రాగినచో దండించును, పరపురుషునితో తప్పు చేసినచో ఖండించును, ఆ తప్పున పట్టుబడిన భార్యను విచారణ లేకయే చంపినను భర్తకు శిక్ష లేదు, తాను అదే తప్పు చేసిన భర్తపై భార్య వ్రేలైన మోపజాలదు, ఆమెకట్టి హక్కు లేదు. ఇంత నిర్మొగమాటముగా పక్షపాతమును శాసనముగా పలికినవారు అరుదు.

ఐనను ఈ కేటోను దంభాచారియని త్రోసివేయుట న్యాయము కాదు. ఇచ్చటనే చరిత్ర మనలను నిలిపి ఆలోచింపజేయుచున్నది. అతడు క్రీ. పూ. 234 లో టస్కులుమ్ గ్రామమున పుట్టినవాడు. వారి పొలమునకు సమీపముననే, ముమ్మాఱు విజయోత్సవము జరుపుకొన్న మానియస్ క్యూరియస్ నివసించిన చిన్న గుడిసె యుండెను. పొయ్యియొద్ద టర్నిప్ దుంపలు ఉడకబెట్టుకొనుచు సామ్నైటుల దూతలు తెచ్చిన బంగారమును త్రిప్పిపంపిన మహనీయుడతడు. కేటో తఱచు ఆ గుడిసెను చూచివచ్చి, తన యింటిని, సేవకులను, వ్యయమును పరికించి తగ్గించుకొనెడివాడట. దండయాత్రలలో అతని పానీయము నీరు. దప్పిక దుర్భరమైనప్పుడు వెనిగరు అడిగెడివాడు. బలము తగ్గినప్పుడు మాత్రమే కొంచెము ఆసవము, అదియు పనివారు త్రాగునదే. స్పెయిను నుండి మరలివచ్చునప్పుడు తన యుద్ధాశ్వమును ఓడ యెక్కించు వ్యయము ప్రజాధనముపై పడరాదని అచ్చటనే విడిచివచ్చెను. కుమారునకు స్నానము చేయించువేళ, ప్రభుత్వ కార్యమేదియు లేనిచో, తప్పక దగ్గఱనుండెడివాడు. వాని కొఱకు రోము చరిత్రను పెద్ద అక్షరములతో స్వహస్తమున వ్రాసియిచ్చెను. తన నోటిని తానే కట్టుకొన్నవాని నిగ్రహమిది. దీనిని నేను మనసార గౌరవింతును.

కాని ఆ నిగ్రహమే అతని గడప దాటి ఇతరులపైకి పోయినప్పుడు ఏమయ్యెనో అతని వ్యవసాయ గ్రంథమే చూపుచున్నది. సంపూర్ణముగా మనకు దక్కిన లాటిన్ గద్యగ్రంథములలో అది ప్రప్రథమము. అందు ఉత్తమ క్షేత్రములను వరుసపెట్టుచు, మంచి ఆసవము సమృద్ధిగా నిచ్చు ద్రాక్షతోటకు అతడు అగ్రస్థాన మొసగెను. నూఱు యూగెరముల తోటకు పదునాఱుగురు మనుష్యులు, ఇన్ని గానుగలు, ఇన్ని బానలు అని లెక్క గట్టెను. కోత ముగిసిన మూడు నెలలు బానిసలకు లోరా. నాల్గవ నెల నుండి దినమునకు పావులీటరుకు కొంచెము మించి ఆసవము. పిదప క్రమముగా హెచ్చు. పండుగలకు కొంత యదనము. వెరసి యేడాదికి మనిషికి ఏడు క్వాడ్రంటలులు, అనగా సుమారు 180 లీటర్లు. సంకెళ్లతో పనిచేయువారికి పనిని బట్టి పది క్వాడ్రంటలులు ఎక్కువ కాదట. చలికాలమున పనివారి పానీయమునకు అతడిచ్చిన పాకము వినుడు: పది పాళ్లు ద్రాక్షరసము, రెండు పాళ్లు వెనిగరు, రెండు పాళ్లు కాచిన రసము, ఏబది పాళ్లు నీరు, అయిదు దినములు దినమునకు మూడుమాఱులు కఱ్ఱతో కలిపి, నిలువ సముద్రజలమును చేర్చి మూతవేయవలెను. మిగిలినది మంచి వెనిగరగును. ముసలిదైన యెద్దును, ముసలివాడైన బానిసను, రోగియైన బానిసను అమ్మివేయుమని చెప్పినదియు ఈ గ్రంథమే. ప్లూటార్కు ఈ ఘట్టమునకు వచ్చి, తానైతే తనకు సేవచేసిన యెద్దునైనను వార్ధక్యమున అమ్మనని వ్రాసినాడు. బానిసకు కొలతతో పోసినది పని కొఱకు. ఇల్లాలికి కొలతయే లేకుండ నిషేధించినది వంశము కొఱకు. రెంటను త్రాగువాని యిచ్ఛకు చోటులేదు. తనంత తాను మానుకొన్నవాడు ఆ యింట ఒక్కడే, యజమాని.

ఈ యిచ్ఛానిచ్ఛల భేదము తరువాతి తరములలో మఱింత స్పష్టమయ్యెను. ఆగస్టస్ చక్రవర్తి భార్య లివియా తన దీర్ఘాయువునకు పుసీనుమ్ ప్రాంతపు ఆసవమే కారణమని బహిరంగముగా చెప్పుకొన్నది. చక్రవర్తి స్వయముగా మితపాని. ఐనను క్రీ. పూ. 2 లో కుమార్తె జూలియాను వ్యభిచార నేరమునకై పండటేరియా ద్వీపమునకు పంపినప్పుడు ఆమెకు ఆసవము అందరాదని ఆజ్ఞాపించెను; రోములస్ నాటి నియమము ఒక్క స్త్రీ కొఱకు మరల లేచి వచ్చెను. ఆ కాలముననే ఓవిడ్ కవి, ఆర్కేడియాలోని క్లైటార్ అను తావున ఒక ఊటనీరు త్రాగినవాడు ఆసవమును రోసి శుద్ధజలముతోనే తృప్తుడగునని వర్ణించుచు, వానికి ఈ ‘అబ్స్టేమియుస్’ అను విశేషణమునే వాడెను. హొరేసు దానిని ఇంకను విశాలముగా, ఆహారమున మితము పాటించువానికి అన్వయించెను. క్రైస్తవ ధర్మవేత్తలు, ఆసవమనిన సహజముగా గిట్టక ఆరాధనలోని పాత్రను అందుకొనజాలనివారికి ఈ పేరు పెట్టిరి. 17 వ శతాబ్దారంభమున ‘అబ్స్టీమియస్’ అను రూపమున ఆంగ్లమున స్థిరపడి, షేక్స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకమున ప్రాస్పెరో నోట వెలువడెను. కూతును వరించిన యువకుని వివాహమునకు ముందు నిగ్రహముతో నుండుమని హెచ్చరించు సందర్భమది. అందు ఆసవపు ప్రసక్తియే లేదు. తండ్రి యొకడు, కన్య యొకతె, ఆమె చుట్టు కాపలా. ఇన్ని శతాబ్దములు గడచినను ఆ పదము పాత యింటికే వచ్చి చేరినట్లున్నది.

ఇక మన కథ నడుచుచున్న కాలమునకు మరలుదము. క్రీ. పూ. 187 లో సేనాని మాన్లియస్ వుల్సో ఆసియాలోని గలేషియనులను జయించి విజయోత్సవము జరిపెను. అతని సైనికుల వెంట కంచు పాన్పులు, ఒంటికాలి బల్లలు, అమూల్యమైన పఱపు వస్త్రములు నగరము చొచ్చెను. విందులలో వీణె మీటు యువతులు కన్పట్టిరి. బానిసలలో అందఱికంటె అల్పముగా నెంచబడిన వంటవానికి ఇప్పుడు ధర పెరిగెను, వాని సేవ కళయని పేరు గాంచెను. పరదేశపు భోగము రోములో కాలు మోపిన దినమిదేయని లివీ తలంచెను. పాతతరపు పెద్దలు భీతిల్లిరి. ఆ పెద్దలలో కేటో కంఠము అందఱికంటె గట్టిగా వినవచ్చెను. సిపియో సోదరులపై అతడు నడపిన వైరము ఆ యేడే బట్టబయలయ్యెను. తూర్పునుండి వచ్చిన ధనమునకు లెక్కలు చెప్పుమని సెనేటులో నిలదీయుటతో మొదలైన ఆ వైరము, హానిబాలును జయించిన సిపియో ఆఫ్రికానస్ నగరమును విడిచి లిటెర్నుమ్ గ్రామమున తుదిశ్వాస విడుచువఱకు చల్లాఱలేదు. నిగ్రహము ఇంటి నియమముగా నున్నంతకాలము నెగ్గినవాడు గృహయజమాని. అది రాజకీయ పక్షమునకు జెండాయైన పిదప నెగ్గువా రెవరో చెప్పుట కష్టమయ్యెను.

ఇట్టి సమయముననే, క్రీ. పూ. 186 లో, తల్లియు మారుతండ్రియు వెడలగొట్టిన ఏబ్యూషియస్ అను యువకుడు కాన్సలు పోస్టూమియస్ యొద్దకు వచ్చి ఒక రహస్యము చెప్పెను. దాని నిజానిజములు తేల్చుటకు కాన్సలు తన అత్తగారగు సుల్పీషియా ఇంటికి హిస్పాలా ఫెసీనియా యను దాస్యవిముక్తురాలిని పిలిపించెను. పగటిపూట స్త్రీలు మాత్రమే సలుపుచుండిన ఆసవదేవుడగు బాకస్ ఆరాధన రాత్రివేళకు మాఱి, పురుషులను గూడ చేర్చుకొని, టైబరు తీరమున దివిటీల వెలుగున ఎట్లు జరుగుచుండెనో ఆమె వణకుచు చెప్పిన వృత్తాంతమును, ఏడువేలకు పైగా స్త్రీ పురుషులు అందు చిక్కుకొన్నారని వినిన సెనేటు ఇటలీయంతట సాగించిన వేటను, నేరస్థులుగ తేలిన స్త్రీలను శిక్షించుటకై మరల వారి కుటుంబములకే యప్పగించిన విధమును, 1640 లో దక్షిణ ఇటలీయందు మట్టినుండి బయటపడి నేడు వియన్నాలో నున్న కంచు ఫలకముపై ఆ సెనేటు ఉత్తరువు ఏమి చెప్పుచున్నదో వచ్చు భాగమున చూతము.